గడియ ఖరీదు

బస్టాండు ఎదురుగా మా సామాన్ల గదిలో
రోజుకి నాలుగొందల సంచులు దిగుతాయి.
ఔరంగాబాదు, సేలం, బరంపురం, బీదరు,
ఊళ్ళన్నీ నా చేతిమీదుగా అరలెక్కుతాయి.
పేరు రాసుకుని ఇత్తడి బిళ్ళ ఇస్తాను.
గుండ్ల మీద గంధం ఆరకముందే తిరిగొచ్చి
బిళ్ళ ఇచ్చి
ఎవరి ఊరు వాళ్ళు భుజానికేసుకుని పోతారు.

లోకమంతా తిరపతికి వస్తుంది.
కొర్లగుంటలో పుట్టిన నేను
చిత్తూరు దాటి ఒక్కసారీ పోలేదు.
ఆ చిత్తూరైనా మా చిన్నమ్మ కాన్పుకి.

పాత రిజిస్టరు వెనక పేజీలో
ఒక లెక్క మొదలుపెట్టినా.
పైన ధనుష్కోడి అని రాసినా.
సేలం ఆవిడెవరో చెప్పింది,
అక్కడ రోడ్డు సముద్రం దాకా పోయి
ఊరికే ఆగిపోతుందంట.
మా ఊళ్ళో ఏ రోడ్డయినా కొండకే పోతుంది.
ఆగిపోయే రోడ్డు ఎట్లుంటుందో చూడాల.

రైలు, స్లీపరు, పోనూ రానూ ఎనిమిదొందల ముప్పై.
తిండి మూడు దినాలకి ఏడొందల యాభై.
జీపులో సీటు రెండొందలు.
జీతంలో కోత తొమ్మిదొందల యాభై,
ఇది మాత్రం ఓనరు అడక్కుండానే లెక్కేసి చెప్పినాడు.

గది దగ్గర పెన్ను ఆగింది.
డార్మెట్రీలో మంచం రాత్రికి రెండొందల యాభై.
లోపలి గడియ గట్టిగా పడే గది ఏడొందలు.
రెండు రాత్రులు.
తేడా తొమ్మిదొందలు.
మా తమ్ముడు చెంగల్రాయుడు పోయినేడు గోవా పోయినప్పుడు
వాడి కాగితంలో ఈ వరసే లేదు.
స్టేషన్ బెంచీ మీద పడుకున్నా అని
నవ్వుతా చెప్పినాడు.
ఈ తొమ్మిదొందలు ఎవరి పద్దులో రాయాలో
చానాసేపు తెలీలేదు.
చివరికి గడియ అని రాసి
నా పద్దులోనే వేసుకున్నా.

"ఒక్కదానివే యాడికే? తోడు ఎవుర్నన్నా పిలుచుకోని పోరాదా?"
తోడుంటే టిక్కెట్లు రెండవుతాయి మా, అన్నా.
డబ్బుల మాటయితే అమ్మకి బిరీన అర్థమవుతుంది.
అసలు మాటకి నా దగ్గర అంకె లేదు.
రాత్రి అన్నం వడ్డిస్తా, నా మొహం చూడకుండా అంది:
"చెనిక్కాయ ఉంటలు చేసిస్తాలే. నాలుగు దినాలుంటాయి."
తిండిలో రెండొందల యాభై కొట్టేసినా.

కొత్త సంచి కొనలేదు.
ఆరు నెలలు ఎవరూ రాని సంచుల్ని ఓనరు అమ్మేస్తాడు.
నీలం రంగుది, ఒక జిప్పు పోయింది,
నూటయాభైకి ఇచ్చినాడు.
బిళ్ళ నంబరు మూడొందల పదకొండు.
రిజిస్టరులో చూస్తే వాన చెమ్మకి
పేరూ ఊరూ రెండూ అలుక్కుపోయి ఉండాయి.

లోపలి జేబులో నాలుగు మడతల కాగితం.
తెలుగు కాదు, తమిళమూ కాదు.
అంకెలు మాత్రం నాకు తెలిసినవే.
ఒకదాని కింద ఒకటి,
కొట్టేసి, మళ్ళీ రాసి,
మొత్తం రెండుసార్లు తప్పేసి, మూడోసారి దిద్ది.
ఎవరో నా మాదిరే గోడకానుకుని
మోకాలి మీద వేసుకున్న లెక్క.
అన్నిటికీ అడుగున, విడిగా, ఒక యాభై.
పక్కన మాటేం లేదు.
చుట్టూ సున్న చుట్టి ఉంది.

నాది నాలుగువేల ముప్పై తేలింది.
డబ్బాలో మూడువేల ఆరొందలు.
పెరటాసి శనివారాలు నాలుగు,
ఆ రద్దీలో రాత్రి డ్యూటీకి నూటపది లెక్కన.
పది మిగిలింది!
రెండుసార్లు కూడినా. పదే.
కింద గీత గీసినా.

ఆ గీత కింద, విడిగా,
యాభై రాసినా.
దేనికో రాయలేదు.
చుట్టూ సున్న చుట్టినా.

మళ్ళీ నలభై తక్కువ.

"అక్కా, బిళ్ళ" అంటా ఉండారెవరో కిటికీలోంచి.
తక్కువే ఉండనీ అని
రిజిస్టరు మూసి లేచినా.