కొసరు

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
ఆగస్టు రాత్రి. రెండు ఏసీల్లో ఒకటి మూలుగుతోంది,
ఒకటి ఎప్పుడో ఊరుకుంది.
తేమకి కాగితం అంచులు లేస్తున్నాయి
పెనం మీద రొట్టెలా.

కొత్తగా చేరిన రోజు
సుకుమారన్ సారు "బ్లీడ్ ఎక్కడ?" అని అరిస్తే
నా వేళ్లు చూసుకున్నాను.
కటింగ్ మిషన్ దగ్గర పోచమల్లు ఒకటే నవ్వు.
"నెత్తురు గాదు రాజలింగూ,
బొమ్మ పేజీ దాటి పోవాలె, మూడు మిల్లీమీటర్లు.
కత్తికి కండ్లుంటయా?
వెంట్రుకవాసి జరిగిందంటె
అంచున తెల్ల దారం తేలుతది
చీర కింద లంగా కనవడ్డట్టు."

అప్పటినుంచీ
ఎన్ని ఆకాశాల్ని పేజీ బయటికి లాగానో.
ఖర్జూరం డబ్బాలు, హోటళ్ల కేటలాగులు,
అద్దాల మేడలు,
అన్నిటికీ చుట్టూ కొంచెం ఎక్కువ.
కోసి పారేయడానికే ఎక్కువ.
కొసరు లేని బేరం లేదు ఈ పనిలో.

మొన్న అబూ హుమైద్ అనే ముసలాయన
గుడ్డలో చుట్టి ఒక ఫోటో తెచ్చాడు.
క్రీకులో వాళ్ల తాత పడవ.
నలుపూ కాదు తెలుపూ కాదు, చాయ్ మరక రంగు.
పేజీ నిండా రావాలి, చుట్టూ తెలుపు ఉండకూడదు.
ఎడమ పేజీ.

ఎడమ కొసన నాలుగు వేళ్లు.
తాడు పట్టుకుని.
మనిషి లేడు, అరచెయ్యీ లేదు,
అక్కడితో ఫోటో ఐపోయింది.

బొమ్మ పెంచితే వేళ్లు పోతాయి.
అంచుని అద్దంలా తిప్పి అతికిస్తే
వేళ్లలోంచి వేళ్లు మొలిచాయి, చూడలేక చెరిపేశాను.
"ఎవరిదీ చెయ్యి?" అనడిగాను.
"పేరు రాసుకోలేదు," అన్నాడు ముసలాయన.
"పడవలో ఎప్పుడూ ఒకడుంటాడు."

అందరూ క్యాంపు బస్సెక్కాక
స్కానర్ మూత తెరిచి నా చెయ్యి పెట్టాను.
పచ్చటి వెలుగు మణికట్టు దాకా వచ్చి పోయింది.
చాయ్ రంగు పులిమి,
గింజ గింజగా మసక చల్లి,
ఆ వేళ్ల వెనక
నా పిడికిలి మూడు మిల్లీమీటర్లు అతికించాను.
అతుకు ఎక్కడో కాసేపటికి నాకే దొరకలేదు.

ప్రూఫు మీద ముసలాయన
అంచు వెంట గోరు నడిపించి
తల ఊపాడు.

వెయ్యి కాపీలు. కుట్టు అయింది, అట్ట అయింది,
పోచమల్లు కత్తి దించుతూనే ఉన్నాడు.
కింద గోనెసంచిలో
సన్న రిబ్బన్లుగా సముద్రం, తెరచాప,
మధ్య మధ్య నా చర్మం.
పొద్దున చెత్తకాగితాల లారీ వస్తుంది.

చివరి కట్టలో ఒక పుస్తకం పైకెత్తాడు.
"ఇది జరిగింది రాజలింగూ. పక్కకు పడేద్దునా?"
చూశాను.
వేళ్లు దాటి వెంట్రుకంత
నా కణుపు, పుస్తకం లోపల.

"పడేస్తే లెక్క వెయ్యికి తక్కువైతది," అన్నాను,
"పెట్టెల వెయ్యి."