దిగిపోయిన పెడల్

ముగ్గిన పీచ్ పండులోకి బొటనవేలు దిగినట్టు
మెత్తగా దిగిపోయింది బ్రేకు.
కింద అడ్డేమీ తగల్లేదు.

లెసోతో కొండదారి. వెనక పదకొండు ఉన్ని మూటలు,
మూటల మీద వెల్లకిలా మేనల్లుడు త్సెలిసో
ఈల వేసుకుంటూ.

సెఖోబే గేరు కిందికి లాగాడు, ఇంజను గీపెట్టింది.
హ్యాండ్ బ్రేకు వైరు తెగి చేతికొచ్చింది.
దూకెయ్యమని అరుద్దామంటే గొంతు పెగల్లేదు;
హారన్ మాత్రం బ్రహ్మాండంగా మోగింది.

చివరికి ఆపింది
ఎవరిదో గొర్రెల దొడ్డి, దాని రాతిగోడ.
ఉన్నిలోంచి తల బయటపెట్టి
పిల్లాడు ముందు నవ్వాడు,
ఏడుపు తర్వాతొచ్చింది.

ట్యూబుకి నువ్వుగింజంత చిల్లు.
మెకానిక్ చూపించి, చెయ్యి తుడుచుకున్నాడు.

నెల దాటింది. పికప్ బాగైంది.
రాత్రిళ్లు భార్యకే మెలకువ:
నిద్రలో అతని కుడికాలు దుప్పటిని తొక్కుతుంది, తొక్కుతుంది,
మంచం పట్టె తగిలితే గానీ
ఆగదు.