తాలు

గుంటూరు యార్డులో పొద్దుకన్నా ముందు ఘాటు లేస్తుంది.
ముక్కుకి గుడ్డ కట్టుకుని నాగూర్‌బీ
తేజ కాయల్లోంచి తాలు ఏరుతుంది,
చూడకుండానే, వేళ్లతోనే.

కాటా దగ్గరికి రమ్మంటే మాత్రం
"లెక్కలు నాకెక్కవు గుమాస్తాగారూ."
మూడో తరగతిలో ఎవరో విసిరిన మాట,
ముప్పయ్యేళ్లుగా కొంగున ముడేసుకు తిరుగుతోంది.
ఇంత తాలు ఏరిన వేళ్లకి
ఆ ఒక్కటీ దొరకలేదు.

పదేళ్లు నేనూ సరే అన్నాను.
చీటీ నేనే రాసి, వేలిముద్ర వేయించి
అదే దయ అనుకున్నాను.

నిన్న లారీకి ఎత్తుతుంటే ఆమే అంది:
"నలభై రెండు టిక్కీలే. పదకొండు కిలోలు తరుగు."
పుస్తకం చూసుకున్నా. తప్పు నాదే.
"మరి ఇది లెక్క కాదా?"
"ఇదా? ఇది తూకం!"

ఇవాళ సుద్దముక్క ఇచ్చి పక్కకి జరిగాను.
నాలుగంకె వంకరగా పడింది.
దిద్దబోయిన చెయ్యి జేబులో పెట్టుకున్నాను.
ఎవరో తుమ్మారు.
మిర్చియార్డులో తుమ్ముకి శకునమేమిటి?
ఆగింది, చెరిపింది, మళ్లీ రాసింది.

సాయంత్రం చీటీ కింద
సంతకంలాంటిదేదో గీసింది.
రేపు మళ్లీ బొటనవేలు చాపుతుందేమో,
ఇంకు ప్యాడు
ఇంటికి పట్టుకుపోతున్నాను.