ముఖం తిప్పుకున్న డబ్బాలు

గురువారం పదింటికి ఆర్డిత్ లిండ్‌క్విస్ట్ వచ్చేది,
ఎంత పొడుగు వరుస ఉన్నా
నా ఏడో నంబరు కౌంటరుకే.
పిల్లి తిండి ఆరు డబ్బాలు, పీచ్ ముక్కలు రెండు,
చలికాలమైతే పిట్టలకి గింజల సంచి.
కత్తిరించిన కూపన్లు
పోయిన మొగుడి కళ్లజోడు పెట్టెలో తెచ్చేది.
ఒక్కొక్కటీ నేను ఎర్ర వెలుగు మీదుగా జరుపుతుంటే
మోకాలి సంగతి చెప్పేది.

మార్చి మొదటి గురువారం రాలేదు.
డులుత్‌లో అప్పటికింకా నేలంతా జారుడు మంచే,
అందుకే అనుకున్నాను.
రెండో గురువారం ఎండ కాసింది.
ఆవిడ అల్లుడికి అడవుల శాఖలో పద్నాలుగేళ్ల ఉద్యోగం
ఒక్క ఈమెయిలుతో పోయిందని
తర్వాతెవరో చెప్పారు.
ఎన్నికలప్పుడు మా కంపెనీ ఎవరికి ఎంత చందా ఇచ్చిందో
ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుందట.

రాకపోవడానికి చప్పుడుండదు.
గుమ్మం ముందు అట్టలు పట్టుకుని అరిచినవాళ్లు
రెండు రోజులున్నారు.
మేనేజరు వాళ్లకి కాఫీ పంపాడు.
రానివాళ్లకి ఏం పంపాలో
పాపం, ఆయనకి తోచలేదు.

వచ్చేవాళ్లూ మారారు.
నుదుటి మీది కళ్లద్దాలు ముక్కు మీదికి దించి
టూత్‌పేస్టు పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో
ఆ కంపెనీకి తాతెవరో వెతుకుతాడొకాయన.
"ఇది మంచి బిస్కెట్టా, చెడ్డ బిస్కెట్టా?"
బండిలో కూర్చున్న పిల్ల అడిగింది.
వాళ్ల నాన్న చాలాసేపు ఆలోచించి
తిరిగి అరలో పెట్టేశాడు.
పిల్ల ఏడ్చింది.
వెనక నిలబడ్డ ముసలాయన కావాలనే అవే నాలుగు తీసుకుని
అందరికీ కనపడేలా బెల్టు మీద పేర్చాడు.

ఏప్రిల్లో నా ముప్ఫై రెండు గంటలు
ఇరవై రెండయ్యాయి.
కాగితం మీద కారణం రాయలేదు.
చందా చెక్కు మీద సంతకం పెట్టినాయనకి
చీమ కుట్టినట్టయినా ఉందో లేదో,
నేను మాత్రం పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి
ఇప్పట్లో రానని చెప్పాను.
నొప్పి ఎడమవైపే, కుడివైపు నమలొచ్చు.

నా సంగతీ చెప్పాలి.
ఇక్కడ పనిచేసేవాళ్లకి పదిశాతం తగ్గింపుంది.
జనవరి నుంచి నేనది వాడలేదు.
ఏడు మైళ్లు పోయి
కొండ మీది సహకార దుకాణంలో కొనుక్కుంటున్నాను,
బ్యాడ్జి కారులో దాచి.
అక్కడే బఠాణీల పీపా దగ్గర
ఆర్డిత్‌కి ఎదురుపడ్డాను.
ఇద్దరం దొంగల్లా నిలబడిపోయాం.

"నీ మీద కాదు, మార్లా" అంది.
"తెలుసు" అన్నాను.
"గంటలు తగ్గించారటగా."
"తగ్గించారు."
"పోనీ, మళ్లీ అక్కడికే రానా?"
రమ్మంటే నా పన్ను బాగుపడుతుంది.
వద్దంటే
ఏం బాగుపడుతుందో ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు.
"మోకాలెలా ఉంది?" అని అడిగాను.
ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి
"ఇక్కడి పీచ్ ముక్కలు మరీ పులుపు" అంది.

దుకాణం మూసేముందు ఆఖరి పని
సరుకుల మొహాలు ముందుకు తిప్పడం.
ఈమధ్య ఎవరో
కాఫీ డబ్బాలన్నిటినీ గోడవైపు తిప్పి పోతున్నారు.
పగలగొట్టరు, ఎత్తుకెళ్లరు.
ఇల్లంతా అలిగి
అటు తిరిగి పడుకున్నట్టుంటుంది ఆ వరుస.
కెమెరాలో ఒక మోచెయ్యి, గళ్ల చొక్కా.
ఈ ఊళ్లో గళ్ల చొక్కా లేనిదెవరికి?

నలభై నిమిషాల పనికి
ఇప్పుడు నాకు మిగిలేది పది నిమిషాలు.
నిన్న రాత్రి రెండు అరలు తిప్పాను.
మూడో అర ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి
వాటి వీపులు చూశాను.
లైట్లు ఆర్పేశాను.

"అన్నీ తిప్పలేదేం?" పొద్దున మేనేజరు అడిగాడు.
"టైము చాలలేదండీ" అన్నాను.
అందులో అబద్ధం
కొంచెమే.