వేలెడు ఇడిసిపెట్టు

భాకరాపేట కనుమ కింద నాదొక కాటా.
మంగళవారం పొద్దున్నే
దేశమ్మ గోతం దించుతాదని
సోమవారం రాత్రే తూకం రాళ్ళు కడిగి పెట్టుకునేవాణ్ణి.

మూతి విప్పకముందే అంగడికంతా తెలిసిపోయేది
మాగలి గడ్డ వచ్చిందని.
ఆ వాసన దేనితో పోల్చాలో నాకు ఇప్పటికీ రాదు.
పాలు పొంగే ముందుటి తీపి,
దాని ఎనకాలే నాటుమందుల కొట్టు.

"బండ నెర్రె ఇచ్చిన చోట ఉంటాదప్పా.
సన్న తీగ. చూస్తే ఏమీ ఉండదు.
పక్క చెట్టును అడక్కుండానే పట్టుకోనుంటాది.
ఆకు తుంచు, పాలు కారితే అదే.
కారలేదంటే, తప్పయిందని చెప్పి ఎనక్కి రా."

ప్రతి గడ్డకీ కొస ఉండదు.
"కొసలేవి దేశమ్మా, తూకం తగ్గతా ఉండాదే?"
"వేలెడు ఇడిసిపెట్టి మన్ను కప్పొచ్చినా.
నాలుగేండ్లకి మళ్ళా పిలస్తాది."
నవ్వినా.
కాటాకి నాలుగేండ్లంటే ఏం తెలుసు?

ఒకసారి చెక్‌పోస్టులో కొత్త గార్డు
ఎర్రచందనం దాచిందేమోనని
గోతంలోకి మోచేతిదాకా చెయ్యి తోసినాడు.
ఏమీ దొరకలా.
మధ్యాన్నం ముద్ద కలిపి
నోటికాడికి తెచ్చి ఆగిపోయినాడంట.
సాయంత్రం నా కాటా కాడ నిలబడి
"మాయమ్మ ఈటిని మజ్జిగలో ఊరేసేది" అన్నాడు.
అర కేజీ కొన్నాడు. బేరం ఆడలా.

తర్వాత తిరపతి నించి షర్బత్తు లారీ.
ఎంతైనా సరే అన్నారు.
గడ్డపారలేసుకుని పిలకాయలు ఎక్కినారు,
బండల్నే పెళ్ళగించి తెచ్చినారు,
కొసలతో సహా.
నా రాళ్ళు చాలక పదికేజీలవి రెండు కొన్నా.
అబద్ధం ఎందుకు, ఆ ఏడే షట్టరు కూడా వేయించినా.

మూడో ఏడు గడ్డలు చిటికెన వేలంత.
నాలుగో ఏడు లారీ రాలా.

పోయిన నెల దేశమ్మ ఉత్త చేతుల్తో వచ్చింది.
కొంగు ముడి విప్పి
వేలెడు ముక్క కాటా తట్టలో పెట్టింది.
రాయి వెయ్యబోతే చెయ్యి పట్టుకునింది.
"తూకానికి కాదు.
బియ్యం డబ్బాలో ఎయ్యి, పురుగు పట్టదు."

వేసినా.
బియ్యానికి పట్టలా.

మంగళవారాలు
షట్టరు సగమే ఎత్తతా ఉండా.