ఖాళీగా వదిలిన చోటు

నా వీపును నేనెప్పుడూ చూడలేదు.
పదమూడేళ్లప్పుడు డాక్టర్లు చూశారు.
వంకర తిరిగిన వెన్నును రెండు కడ్డీలకు బిగించి
పన్నెండు మరలు తిప్పి, కుట్టి పంపారు.
మెడ దగ్గర మొదలై నడుము దాకా
ఒక తెల్లటి గీత, అంటారు.
అమ్మ అనేది: "కాలర్ పైకి లాక్కో, నత్సుయో."
ఇరవై రెండేళ్లు లాక్కుంటూనే ఉన్నాను.

ఒసాకాలో, నంబా స్టేషన్ కింద
గొడుగులు బాగుచేసే కౌంటర్ నాది.
వానాకాలంలో ఊపిరాడదు,
ఎండాకాలంలో ఎవరూ పలకరించరు.

ఆ ఫిబ్రవరిలో గదిలో గీజరు చచ్చిపోయింది.
మూడు రోజులు ఓర్చుకుని
నాలుగో రాత్రి, మూసేసే వేళకి,
తైషో వంతెన అవతల పేట స్నానశాలకు వెళ్లాను,
గోడకి వీపు ఆనించి, పీతలా పక్కకి నడుస్తూ.

ఆడవాళ్ల వైపు ఒకే ఒక్కావిడ, డెబ్బై దాటి ఉంటాయి,
చిన్న స్టూలు మీద కూర్చుని తల రుద్దుకుంటోంది.
వీపు నిండా ఒక పియోనీ పువ్వు.
ఎప్పటి పువ్వో. చర్మంతో పాటు అదీ ముడతలు పడింది,
రేకులు ఒకదాని మీదికి ఒకటి జారాయి,
నల్ల సిరా నీలమై, నీలం పచ్చబారి.
అయినా వాడలేదు.
ఆమె చెయ్యెత్తినప్పుడల్లా కొంచెం విచ్చుకునేది.

"ఎంతసేపు చూస్తావు? మెడ పట్టేస్తుంది,"
అంది, వెనక్కి తిరక్కుండానే.
పేరు ఫుసయె.
ఆ పువ్వు పొడిచినాయన పోయాడట. శిష్యుడున్నాడు,
చేపల కొట్టు పై అంతస్తులో.

ఇసోజాకి గారు నా వీపు కేసి చాలాసేపు చూసి,
టీ తాగి, మళ్లీ చూశారు.
కప్పెయ్యగలరా, అన్నాను. డ్రాగన్‌తోనో మేఘంతోనో,
నల్లగా, బాగా నల్లగా.
"కప్పను," అన్నారు.
"మచ్చ మీద సిరా కుదురుగా నిలవదు, పాకుతుంది.
అయినా అది కాదు సంగతి.
ఎదురెక్కే చేపకి ముందు కావలసింది నీళ్లు.
పై నుంచి కింది దాకా తిన్నగా పడే నీళ్లు.
అందరికీ అవి నేను గీయాలి.
నీకు ముందే ఎవరో గీసి పెట్టారు."

నాకు కోపం వచ్చింది. కోటు తీసుకుని వచ్చేశాను.
పదకొండు రోజులకి మళ్లీ వెళ్లాను.

రెండేళ్లు, రెండు వారాలకో శనివారం.
బోర్లా పడుకుంటే, వెదురు పిడి, దాని కొసన సూదుల గుత్తి,
షక్, షక్, షక్,
కింద కొట్లో ఐసు మీద కత్తి దానికి తాళం వేసేది.
పక్కటెముకల మీద ఏడ్చాను. భుజం మీద నిద్రపోయాను.
గీతకి ఈ గట్టున చేప, ఆ గట్టున మేపుల్ ఆకులు.
మధ్యకి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగి,
లేచి, అవతల దిగేది,
చెప్పులు చేత పట్టుకుని వాగు దాటే మనిషిలా.

అమ్మకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.
"ఆ ఆపరేషను అప్పు తీర్చడానికి తొమ్మిదేళ్లు పట్టింది,"
అంది చివరికి.
తెలుసు, అన్నాను.
ఆ గీతని ఎవరూ ముట్టుకోలేదమ్మా, అన్నాను.

ఈత కొలను గుమ్మంలో బోర్డు ఉంది:
పచ్చబొట్లు ఉన్నవారికి ప్రవేశం లేదు.
అది ఇన్నేళ్లూ అక్కడే ఉంది,
నేను ఇన్నేళ్లూ లోపలికి వెళ్లలేదు.
అప్పుడు ఆపింది నేను. ఇప్పుడు బోర్డు.
బోర్డుతో అయితే పోట్లాడొచ్చు.

నిన్న రాత్రి స్నానశాలలో గోడ వదిలి నడిచాను.
ఎవరో కొత్తావిడ వీపు రుద్దుతానంది.
సబ్బు గుడ్డ సగంలో ఆగింది.
"ఇక్కడ రంగు అయిపోయిందా అమ్మాయ్?"
లేదు, అక్కడ నీళ్లు, అన్నాను.
"ఓహో," అని చెంబుడు వేడినీళ్లు గుమ్మరించింది.

గట్ల మీద చురుక్కుమంది.
మధ్యలో, ఎప్పటిలాగే, ఏమీ తెలియలేదు.
అక్కడ స్పర్శ పోయి చాలా ఏళ్లయింది.
నీళ్లు దిగాయని మాత్రం
కాళ్ల దగ్గరికి వచ్చాక తెలిసింది.