బూట్లు విప్పకండి

మంగళవారం సాయంత్రాలు తలుపు దగ్గర ఉండే పని
నా నెత్తిన పడింది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడ టికెట్లు చింపిన చెయ్యి కదా,
మనుషుల్ని పలకరించడం వచ్చే ఉంటుందని కలెర్వో లెక్క.
ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ నేనన్నది ఒకటే మాట:
"తర్వాత."

రౌమా రేవు వెనక పాత చేపల గోదాము మాది.
ఎన్నిసార్లు సున్నం కొట్టినా
వాన రోజున గోడలు ఉప్పుచేప వాసన కక్కుతాయి.
జీతాలు లేవు, యజమాని లేడు,
కరెంటు బిల్లు కాఫీ డబ్బాలో చిల్లర మీద నడుస్తుంది.
తాళంచెవులు నలుగురి దగ్గరున్నాయి,
ఎప్పుడూ ఐదోవాడే ముందొస్తాడు.

నవంబరు. నాలుగింటికే చీకటి.
కిటికీ అవతల ఒకామె.
పోయిన వారమూ నిలబడింది,
అంతకు ముందు వారం కూడా, అప్పుడు వేరే టోపీ.
దారిన పోయేవాళ్ళని కేకేసి పిలవడం మా ఊళ్ళో మర్యాద కాదు,
కిటికీలోంచి తేరిపార చూడటం అసలే కాదు.
ఇద్దరం చూడనట్టే
చాలాసేపు చూసుకున్నాం.

కొత్తవాళ్ళతో ఏమనాలో ఎస్కో అచ్చు వేయించి గోడకి అంటించాడు.
దాని మీద ఎవరో రంపాలు తగిలించారు,
"మీ రాక మాకెంతో" వరకే కనబడుతుంది.
ఎంతో ఏమిటో
రంపాల వెనక ఉంది.

చివరికి తలుపు తెరిచింది గాలో, ఆమో.
వెంట పొట్కూరి,
మంచు మీద ఒంటికాలితో తన్నుకుంటూ పోయే కుర్చీబండి,
ఒక ఇనప పట్టా బీట తీసి
కుంటి మేకలా పక్కకి ఒరిగి.
దాన్ని గోడకి ఆనించి,
వంగి,
బూట్లు విప్పింది.
రెండూ జత చేసి, ముక్కులు గోడవైపు పెట్టి,
ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు,
ఉన్ని మేజోళ్ళతో రంపప్పొట్టులో నిలబడింది.

కలెర్వో లేత్ ఆపాడు.
తొమ్మిదిన్నర వేళ్ళ మనిషి, ఊరికే ఆపడు.

ఆమె ఎడమ మడమ దగ్గర
ఎర్రదారంతో అల్లి పూడ్చిన చిరుగు.
ఆ కాలిని మెల్లగా రెండో కాలి వెనక్కి జరుపుకుంది.
నా నోట్లో "తర్వాత" అటూ ఇటూ దొర్లుతోంది.

"బూట్లు విప్పకండి!"
గొంతు టికెట్ల గదిలోంచే వచ్చింది, అద్దం అవతలికి వినపడేంత గట్టిగా.
ఆమె బెదిరింది.
"ఇక్కడ మేకులుంటాయి," అన్నాను కాస్త దించి.
"ఆ తలుపు వేయండి. వేడి పోతోంది."

అంతే.
ఇంతకన్నా తియ్యటి మాట మా భాషలో ఉండే ఉంటుంది,
ఆ పూట నా చేతికి అందలేదు.

పేరు అడగలేదు, ఎక్కడ విరిగిందో అడిగాను.
లేసులు కట్టుకుంటూ తనే చెప్పింది:
తువోవి. పియానోలు శ్రుతి చేస్తుంది.
చలికాలమంతా పనిముట్ల పెట్టె ఈ కుర్చీ మీదే ఇల్లిల్లూ తిరుగుతుంది.
కొట్టువాడు కొత్తది కొనుక్కోమన్నాడట.
"మంచు ఇంకా పడలేదు కదా," అంది,
తప్పంతా తనదే అయినట్టు.

కలెర్వో పట్టాని బిగించి, బీట దగ్గర సుద్దతో గీత గీశాడు.
ఆమె బల్ల మీది స్పానర్ తీసి, అడక్కుండానే,
ఆ ఇనుము మీద తట్టింది. ఇంకోచోట తట్టింది.
తల వంచి వింది.
"మీ గీత దగ్గర ఆగలేదు. ఇంకో జానెడు పోయింది లోపల."

ఎస్కో నవ్వబోయి మానేశాడు.
కలెర్వో కళ్ళజోడు పైకి నెట్టి, ఆకురాయితో తుప్పు గీకాడు.
వెంట్రుక లాంటి గీత,
సరిగ్గా జానెడు.
ఏమీ అనలేదు. తన కాఫీ కప్పు
బల్ల మీద కొంచెం అటు జరిపాడు,
ఇంకో కప్పు పట్టేంత.

ఎనిమిదయింది. బండి మా దగ్గరే ఉండిపోయింది, అతుకు వచ్చే వారానికి.
డబ్బాలో నాణెం వేసి,
గడప మీద ఆగి వెనక్కి తిరిగింది.
"మీ లేత్ అరస్వరం దిగి పాడుతోంది.
బేరింగు చూసుకోండి."

కలెర్వో లేత్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.
టోపీ చీకట్లో కలిసేదాకా చూస్తూ
నేను తలుపు వేయడం మరిచాను.
వేడి పోతోందని
ఎవరూ అనలేదు.